బయోస్‌లో ఒక మీట, దాని వెనక అరవై ఏళ్లు

లినక్స్ కెర్నెల్ కోడ్‌లో, ఇంటెల్ చిప్‌ల కోసం రాసిన ఒక భాగంలో ఒక హెచ్చరిక ఉంది. మీ బయోస్ చెడిపోయి ఉంది, డీఎంఏఆర్ (దీని సంగతి ముందుముందు వస్తుంది) సున్నా చిరునామాలో ఉందని చెబుతోంది అని దాని సారాంశం. ఆ కింది వరుసలోనే బయోస్ తయారుచేసిన సంస్థ పేరు, వెర్షన్ నంబరు కూడా తెర మీదికి వస్తాయి. 2009లో దాన్ని చేర్చినవాడు డేవిడ్ వుడ్‌హౌస్. అప్పటికాయన ఇంటెల్ ఉద్యోగి. చిప్‌లు చేసే సంస్థలోని ఇంజనీరే బయోస్ తప్పును పేరు పెట్టి మరీ అందరికీ కనబడేలా చెప్పాల్సి వచ్చింది. లినక్స్ కంప్యూటర్లు బూట్ అవుతూ మధ్యలోనే కుప్పకూలడానికి కారణం తమ కోడ్ కాదని చూపించడానికి ఆయనకు వేరే దారి లేకపోయింది.

అలాంటి అనుభవం ఇప్పటికీ ఎంతోమందికి ఎదురవుతోంది. వర్చువల్ మెషీన్ నడపడానికో, ఆండ్రాయిడ్ ఎమ్యులేటర్ కోసమో ఒకరు బయోస్ సెట్టింగుల్లోకి వెళ్లి వర్చువలైజేషన్ ఆన్ చేస్తారు. సేవ్ చేసి బయటికొస్తారు. గ్రబ్ మెనూ వస్తుంది, లినక్స్ మొదలవుతుంది, అంతలో తెర నల్లబడిపోతుంది. లేదంటే హార్డ్ డిస్క్ కనబడటం లేదని చెప్పి సిస్టమ్ ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ ప్రాంప్ట్ దగ్గర ఆగిపోతుంది. ఆ సెట్టింగును తిరిగి ఆఫ్ చేస్తే అంతా సవ్యంగా నడుస్తుంది. ఈ చిక్కు ఎక్కడుందో పట్టుకోవాలంటే ఆ మీట కంప్యూటర్‌లోకి ఎలా వచ్చిందో, దాన్ని ఎవరు తమ చేతిలో పెట్టుకున్నారో తెలియాలి.

ఒకే సంస్థ చేతిలో మూడూ

ఒక యంత్రం మీద అనేక యంత్రాలను నడిపించాలన్న ఆలోచన పర్సనల్ కంప్యూటర్ కన్నా పాతది. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలోని కేంబ్రిడ్జిలో ఐబీఎమ్‌కు ఒక సైంటిఫిక్ సెంటర్ ఉండేది. రాబర్ట్ క్రీసీ నాయకత్వంలో అక్కడి బృందం 1964లో సీపీ-40 అనే వ్యవస్థ మీద పని మొదలుపెట్టి, 1967 కల్లా వాడకంలోకి తెచ్చింది. సిస్టమ్/360 మోడల్ 40 మెయిన్‌ఫ్రేమ్‌కు ప్రత్యేక హార్డ్‌వేర్ జోడించి, దాని మీద ఒకేసారి 14 వర్చువల్ మెషీన్ల దాకా నడిపించారు. ఎవరి టెర్మినల్ ముందు వారికి ఆ కంప్యూటర్ మొత్తం తమ ఒక్కరిదే అనిపించేది. దాని వారసుడు సీపీ-67. ఆ తర్వాత 1972 ఆగస్టులో ఐబీఎమ్ వీఎం/370ని ప్రకటించి, ఈ పద్ధతిని ప్రయోగశాల దాటించి మార్కెట్లో పెట్టింది.

1974లో జెరాల్డ్ పోపెక్, రాబర్ట్ గోల్డ్‌బర్గ్ ఈ విద్యకు సిద్ధాంతం రాశారు. వారు పెట్టిన ముఖ్యమైన షరతు ఒక్కటే. యంత్రం స్థితిని మార్చే, లేదా బయటపెట్టే ఏ ఆదేశాన్నయినా అధికారం లేని ప్రోగ్రామ్ వాడబోతే ప్రాసెసర్ వెంటనే దాన్ని ఆపి, పైనున్న పర్యవేక్షక సాఫ్ట్‌వేర్‌కు అప్పగించాలి. ఆ పర్యవేక్షకుడినే ఇప్పుడు హైపర్‌వైజర్ అంటున్నాం.

ఐబీఎమ్‌కు ఇది సాధ్యమైంది. ఎందుకంటే ప్రాసెసర్, దాని లోపలి ఫర్మ్‌వేర్, ఆపరేటింగ్ సిస్టమ్ మూడూ ఒకే ఇంటివి. ఒకచోట తప్పు దొర్లితే దిద్దేవాళ్లు పక్క గదిలోనే ఉండేవారు. పర్సనల్ కంప్యూటర్ వచ్చాక ఆ మూడూ మూడు చేతుల్లోకి పోయాయి. చిప్ ఒకరిది, బయోస్ మరొకరిది, ఆపరేటింగ్ సిస్టమ్ ఇంకొకరిది. బూట్ కష్టాలకు బీజం అక్కడే పడింది.

పీసీ చిప్‌లో లోటు

1978లో వచ్చిన ఇంటెల్ 8086 నుంచి పెరిగిన ఎక్స్86 కుటుంబానికి పోపెక్, గోల్డ్‌బర్గ్‌ల షరతు పట్టలేదు. పాప్‌ఎఫ్ అనే ఆదేశం ఇందుకు మంచి ఉదాహరణ. ప్రాసెసర్ ఫ్లాగులను స్టాక్ నుంచి తిరిగి నింపడం దాని పని. అధికారం లేని ప్రోగ్రామ్ ఈ ఆదేశంతో ఇంటరప్ట్ ఫ్లాగును మార్చబోతే ప్రాసెసర్ అడ్డుకోదు, ఎవరికీ చెప్పదు, ఆ మార్పును చడీచప్పుడు లేకుండా వదిలేస్తుంది. హైపర్‌వైజర్‌కు ఏమీ తెలియదు. లోపల నడుస్తున్న ఆపరేటింగ్ సిస్టమ్ మాత్రం ఇంటరప్టులు ఆగాయనుకుని ముందుకు పోతుంది. 2000లో జాన్ రాబిన్, సింథియా ఇర్విన్ పెంటియం ప్రాసెసర్‌ను పరిశీలించి, ఇలా షరతు తప్పే ఆదేశాలు 17 ఉన్నాయని లెక్కతేల్చారు.

హార్డ్‌వేర్ సాయం లేనందున సాఫ్ట్‌వేరే దారి వెతుక్కుంది. స్టాన్‌ఫర్డ్ పరిశోధనల నుంచి పుట్టిన వీఎంవేర్ 1998లో మొదలై, 1999లో వర్క్‌స్టేషన్‌ను విడుదల చేసింది. అతిథి సిస్టమ్ (వర్చువల్ మెషీన్ లోపల నడిచే ఆపరేటింగ్ సిస్టమ్) కోడ్‌లోని ప్రమాదకరమైన ఆదేశాలను, నడుస్తుండగానే, అపాయం లేని ఆదేశాలుగా తిరగరాయడం దాని కిటుకు. ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో పుట్టి 2003లో పరిశోధన పత్రంగా వెలువడిన జెన్ మరో బాట పట్టింది. అతిథి కెర్నెల్‌నే ముందుగా సవరించి, అధికారం కావలసిన ప్రతిచోటా హైపర్‌వైజర్‌ను నేరుగా అడిగేలా చేసింది. సోర్స్ కోడ్ అందరికీ అందుబాటులో ఉన్న లినక్స్‌కు ఇది నప్పింది. ఎవరికివారు సవరించుకోలేని విండోస్‌కు నప్పలేదు.

తాళం వేసే బిట్

చివరికి చిప్ సంస్థలే ముందుకొచ్చాయి. 2005 నవంబరులో ఇంటెల్ పెంటియం 4 కుటుంబంలోని రెండు ప్రాసెసర్లలో వీటీ-ఎక్స్ అనే వర్చువలైజేషన్ సదుపాయాన్ని తెచ్చింది. 2006 మేలో ఏఎండీ తన సదుపాయాన్ని విడుదల చేసింది. ఆ సంస్థ పత్రాల్లో దాని పేరు ఎస్‌వీఎం. చాలా బయోస్‌లలో ఇప్పటికీ ఆ పేరే కనిపిస్తుంది.

ఈ చిప్‌లతోపాటే ఒక తాళం కూడా వచ్చింది. ఇంటెల్ ప్రాసెసర్‌లో ఫీచర్ కంట్రోల్ అనే ఒక రిజిస్టర్ ఉంటుంది. అందులో ఒక బిట్ వర్చువలైజేషన్‌ను అనుమతిస్తుంది. ఇంకో బిట్ ఆ రిజిస్టర్‌కు తాళం వేస్తుంది. కంప్యూటర్ మొదలవుతూనే బయోస్ ఆ బిట్లను నింపి తాళం పెట్టేస్తుంది. ఒకసారి తాళం పడ్డాక, ప్రాసెసర్ రీసెట్ అయ్యేవరకు ఆపరేటింగ్ సిస్టమ్ ఎంత ప్రయత్నించినా వాటిని మార్చలేదు. ఏఎండీ చిప్‌లలోనూ ఇలాంటి ఏర్పాటే ఉంది.

భద్రత పరంగా దీనికి కారణం లేకపోలేదు. 2006 ఆగస్టులో లాస్ వేగస్‌లో జరిగిన బ్లాక్ హ్యాట్ సదస్సులో జొవానా రుట్కోవ్‌స్కా బ్లూ పిల్ అనే ప్రయోగాన్ని చూపించారు. నడుస్తున్న ఆపరేటింగ్ సిస్టమ్ కిందికి, దానికి తెలియకుండానే, ఒక పలుచని హైపర్‌వైజర్‌ను జొప్పించి మొత్తం యంత్రాన్ని చేజిక్కించుకోవచ్చని అది నిరూపించింది. అందుకు ఆమె వాడినది ఏఎండీ కొత్త సదుపాయాన్నే. అదే సదస్సులో డీనో డై జోవీ ఇంటెల్ చిప్ మీద ఇలాంటి పనే చేసి చూపించారు. ఆ రోజుల్లో తయారైన ఎన్నో కంప్యూటర్లలో వర్చువలైజేషన్ ఆఫ్‌లోనే వచ్చేది. కొన్ని ల్యాప్‌టాప్‌లలోనయితే బయోస్ దాన్ని ఆపి తాళం వేసేసేది, తెరవడానికి మెనూలో మీటే ఉండేది కాదు. డబ్బు పెట్టి కొన్న చిప్‌లో ఉన్న సదుపాయం కొన్నవాళ్లకే అందకుండా పోయింది. 2009లో విండోస్ 7తో వచ్చిన ఎక్స్‌పీ మోడ్‌కు ఈ సదుపాయం తప్పనిసరి కావడంతో విండోస్ వాడేవాళ్లకూ ఈ బాధ తెలిసొచ్చింది. 2010 మార్చిలో మైక్రోసాఫ్ట్ ఆ నిబంధనను ఎత్తేసింది.

లినక్స్ వైపు కథ ఇంకా వేగంగా నడిచింది. కుమ్రానెట్ అనే చిన్న సంస్థలో పనిచేస్తున్న ఆవి కివిటీ 2006 అక్టోబరులో కేవీఎం అనే హైపర్‌వైజర్‌ను ప్రకటించాడు. 2007 ఫిబ్రవరిలో వెలువడిన 2.6.20 కెర్నెల్‌తో అది లినక్స్‌లో భాగమైంది. 2008లో రెడ్ హ్యాట్ కుమ్రానెట్‌ను కొనేసింది. కేవీఎంతోపాటే లినక్స్ వాడుకరులందరికీ పరిచయమైన ఒక సందేశం కూడా వచ్చింది: బయోస్ దీన్ని ఆపేసింది అని. మీట ఆన్ చేశాక కూడా ఆ సందేశం పోకపోతే, రీబూట్ చాలదని, యంత్రాన్ని పూర్తిగా ఆపి మళ్లీ ఆన్ చేయాలని కేవీఎం వాడేవాళ్లు అనుభవం మీద నేర్చుకున్నారు. 2020లో వచ్చిన 5.6 కెర్నెల్ నుంచి, బయోస్ తాళం వేయకుండా వదిలేస్తే లినక్సే ఆ బిట్లను నింపి తాళం వేస్తోంది.

ఇక్కడ ఒక విషయం స్పష్టంగా చెప్పుకోవాలి. ప్రాసెసర్‌కు సంబంధించిన ఈ మొదటి మీట వల్ల లినక్స్ బూట్ ఆగడం చాలా అరుదు. బూట్ సమయంలో కెర్నెల్ ఈ సదుపాయం ఉందని గుర్తుపెట్టుకుంటుంది, అంతే. దాన్ని వాడేది కేవీఎం వంటి హైపర్‌వైజర్ రంగంలోకి దిగాకే. 2024 నవంబరు నాటి 6.12 కెర్నెల్‌తో కేవీఎం తన మాడ్యూల్ లోడ్ కాగానే ఈ సదుపాయాన్ని పట్టుకోవడం మొదలైంది. దానివల్ల వర్చువల్‌బాక్స్ వంటి ఇతర హైపర్‌వైజర్లకు ఇబ్బంది కలిగింది తప్ప బూట్‌కు అడ్డం రాలేదు. నల్లతెరకు అసలు కారణం చాలాసార్లు రెండో మీట.

రెండో మీట

బయోస్‌లో ఆ రెండో మీట ఇంటెల్ యంత్రాల్లో వీటీ-డీ అని, ఏఎండీ యంత్రాల్లో ఐఓఎంఎంయూ అని కనిపిస్తుంది. వర్చువలైజేషన్ అన్న పేరున్నవన్నీ ఒకేసారి ఆన్ చేసేవాళ్లు ఎక్కువ కాబట్టి రెండూ కలిసిపోతాయి. కానీ వీటి పనులు వేరు. డిస్క్ కంట్రోలర్, నెట్‌వర్క్ కార్డు, గ్రాఫిక్స్ వంటి పరికరాలు ప్రాసెసర్‌తో పనిలేకుండా నేరుగా మెమరీలోకి రాసుకుంటాయి. ఈ రాకపోకలను డీఎంఏ అంటారు. ఐఓఎంఎంయూ ఈ దారిలో నిలబడే అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ వంటిది. ఏ పరికరం మెమరీలో ఏ గదికి వెళ్లవచ్చో చేతిలోని జాబితాలో చూసుకుని పంపుతుంది, జాబితాలో పేరు లేకపోతే గేటు దగ్గరే ఆపేస్తుంది.

ఆ జాబితాకు మూలం బయోస్ రాసిచ్చే పట్టిక. ఇంటెల్ యంత్రాల్లో దాని పేరు డీఎంఏఆర్, ఏఎండీ యంత్రాల్లో ఐవీఆర్ఎస్. 2008 జనవరి నాటి 2.6.24 కెర్నెల్‌లో ఇంటెల్ ఐఓఎంఎంయూకు, అదే ఏడాది అక్టోబరు నాటి 2.6.27లో ఏఎండీ ఐఓఎంఎంయూకు మద్దతు వచ్చింది. ఆ పట్టికలను లినక్స్ నమ్మి చదవడం మొదలుపెట్టాక, అవి ఎంత అజాగ్రత్తగా రాసినవో బయటపడింది. ఐఓఎంఎంయూ ఉందని చెబుతూ చిరునామా సున్నా అని రాసిన బయోస్‌లు వుడ్‌హౌస్‌కు తగిలింది అప్పుడే.

తప్పులు ఒక తీరువి కావు. ఆపరేటింగ్ సిస్టమ్ పగ్గాలు అందుకునేదాకా యూఎస్‌బీ కీబోర్డును బయోసే నడుపుతుంది. అందుకు యూఎస్‌బీ కంట్రోలర్ మెమరీలో కొంత చోటు వాడుకుంటుంది. ఆ చోటును ముట్టుకోవద్దని బయోస్ పట్టికలో రాయాలి. రాయకపోతే ఐఓఎంఎంయూ మొదలైన క్షణమే కంట్రోలర్‌కు దారి మూసుకుపోతుంది.

కొన్నిచోట్ల తప్పు బయోస్‌ది కాదు, పరికరానిది. మార్వెల్ సంస్థ 9123, 9128 వంటి సాటా కంట్రోలర్లు మెమరీని అడిగేటప్పుడు తమ అసలు గుర్తింపు చెప్పవు. తాము ఫంక్షన్ 0 అయివుండి, అసలు లేని ఫంక్షన్ 1 పేరుతో అడుగుతాయి. ఐఓఎంఎంయూ ఆఫ్‌లో ఉన్నన్నాళ్లు అడిగేవారు లేరు కాబట్టి నడిచిపోయింది. వీటీ-డీ ఆన్ చేయగానే ఆ అభ్యర్థనలన్నీ తిరస్కారానికి గురై, వాటికి తగిలించిన డిస్కులు కనబడకుండా పోయాయి. రూట్ ఫైల్ సిస్టమ్ ఆ డిస్కులోనే ఉంటే బూట్ అక్కడితో ఆగిపోతుంది. ఏళ్ల తరబడి ఫిర్యాదులు వచ్చాక, 2014లో 3.16 కెర్నెల్ కోసం రెడ్ హ్యాట్‌కు చెందిన అలెక్స్ విలియమ్సన్ ఈ కంట్రోలర్ల కోసం ప్రత్యేకంగా ఒక మినహాయింపు రాశాడు. ఆ రెండు పేర్లూ ఒకే పరికరానివని కెర్నెల్ అప్పటినుంచి గుర్తిస్తోంది.

సర్వర్లకూ ఈ బెడద తప్పలేదు. ఇంటెల్ 5500, 5520 చిప్‌సెట్‌ల తొలి రివిజన్లలో ఇంటరప్టులను దారి మళ్లించే సదుపాయం లోపంతో వచ్చింది. దాన్ని ఆఫ్ చేయాల్సిన బయోస్‌లు కొన్ని ఆన్‌లోనే వదిలేశాయి. 2013లో కెర్నెల్ ఆ చిప్‌ను గుర్తించి, సదుపాయాన్ని తానే ఆపేసి, బయోస్ అప్‌డేట్ కోసం తయారీదారును సంప్రదించమని చెప్పడం మొదలుపెట్టింది. 2019లో ఏఎండీ రావెన్ రిడ్జ్ చిప్‌తో వచ్చిన కొన్ని ల్యాప్‌టాప్‌ల వంతు వచ్చింది. వాటి ఐవీఆర్ఎస్ పట్టికలో ఇంటరప్ట్ కంట్రోలర్ వివరాలు తప్పుగా ఉండటంతో కొన్నింట్లో టచ్‌ప్యాడ్ పనిచేయలేదు, కొన్ని బూట్ దగ్గరే బిగుసుకుపోయాయి. డెల్, ఏసర్, లెనోవో మోడళ్ల పేర్లను కెర్నెల్‌లోనే ఒక జాబితాగా రాసి, ఆ పేరు కనబడగానే బయోస్ చెప్పిన లెక్క పక్కనపెట్టి సరైన లెక్క వాడేలా చేశారు.

గ్రాఫిక్స్ విషయంలోనూ ఇంతే. ఇంటెల్ పాత చిప్‌సెట్‌లు కొన్నింటిలో ప్రాసెసర్‌తో కలిసివచ్చే గ్రాఫిక్స్‌కు ఐఓఎంఎంయూతో పడదు. డిస్క్ బాగానే ఉంటుంది, సిస్టమ్ వెనక నడుస్తూనే ఉంటుంది, తెర మాత్రం వెలగదు. అందుకే గ్రాఫిక్స్‌ను ఒక్కదాన్నే ఐఓఎంఎంయూ నుంచి తప్పించే పరామితిని కెర్నెల్‌లో పెట్టారు.

చాలా ఏళ్లపాటు ఇంటెల్ యంత్రాల్లో ఈ చిక్కుల నుంచి ఒక రక్షణ ఉండేది. చాలా డిస్ట్రిబ్యూషన్లలో, వాడుకరి అడిగితే తప్ప కెర్నెల్ ఐఓఎంఎంయూను వాడేది కాదు. 2019లో ఈ పరిస్థితి మారింది. థండర్‌బోల్ట్ వంటి పోర్టుకు హానికరమైన పరికరం తగిలించి మెమరీని దోచవచ్చని ఆ ఏడాది ఫిబ్రవరిలో థండర్‌క్లాప్ అనే అధ్యయనం చేసిన పరిశోధకులు చూపించారు. మార్చిలో వచ్చిన 5.0 కెర్నెల్, అలాంటి బయటి పోర్టులున్న యంత్రంలో బయోస్ పట్టిక కోరితే ఐఓఎంఎంయూను తనంతట తానే ఆన్ చేస్తుంది. భద్రతకు ఇది మేలే. కానీ వాడుకరి ఏ పరామితీ మార్చకపోయినా, బయోస్ మీట ఒక్కటి చాలు బూట్ నడక మారిపోవడానికి.

మరమ్మతు నేర్పిన క్రమం

ఇన్నేళ్ల అనుభవం నుంచి లినక్స్ నడిపేవాళ్లలో ఒక పద్ధతి స్థిరపడింది. మొదట రెండు మీటలనూ విడదీయాలి. వీటీ-ఎక్స్ లేదా ఎస్‌వీఎం ఆన్‌లోనే ఉంచి, వీటీ-డీ లేదా ఐఓఎంఎంయూ ఒక్కటే ఆఫ్ చేసి చూడాలి. బూట్ అయితే దోషం ఎటువైపో తేలిపోయినట్టే. మామూలు వర్చువల్ మెషీన్లకు, ఎమ్యులేటర్లకు మొదటిదొక్కటే చాలు. రెండోది గ్రాఫిక్స్ కార్డు వంటి పరికరాన్ని నేరుగా వర్చువల్ మెషీన్‌కు అప్పగించడానికి, బయటి పరికరాల నుంచి మెమరీని కాపాడుకోవడానికి కావాలి.

బయోస్‌లో రెండో మీటను ఆన్‌లోనే ఉంచి దోషం ఎక్కడుందో చూడాలనుకుంటే తర్వాతి మెట్టు గ్రబ్. మెనూలో లినక్స్ వరుస మీద ఆగి కీబోర్డులో ఇంగ్లీషు e అక్షరం నొక్కితే బూట్ ఆదేశం తెరుచుకుంటుంది. అందులోని క్వయట్, స్ప్లాష్ అనే మాటలు తీసేస్తే కెర్నెల్ ఎక్కడ ఆగుతోందో కళ్లకు కనబడుతుంది. ఆ మాటలున్న వరుస చివర ఇంటెల్_ఐఓఎంఎంయూ=ఆఫ్ అని గానీ, ఏఎండీ అయితే ఏఎండీ_ఐఓఎంఎంయూ=ఆఫ్ అని గానీ ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా చేర్చి కంట్రోల్, ఎక్స్ నొక్కి బూట్ చేయవచ్చు. తెర ఒక్కటే నల్లబడే ఇంటెల్ యంత్రాల్లో ఆఫ్ బదులు ఐజీఎఫ్‌ఎక్స్_ఆఫ్ సరిపోతుంది. ఈ మార్పు ఆ ఒక్క బూట్‌కే వర్తిస్తుంది కాబట్టి భయం లేదు. సిస్టమ్ లేచాక, అంతకుముందు ఆగిపోయిన బూట్ తాలూకు కెర్నెల్ లాగ్ మిగిలి ఉంటే, అందులో డీఎంఏఆర్, ఏఎండీ-వీఐ అన్న మాటల కోసం వెతికితే ఐఓఎంఎంయూ ఏ పరికరాన్ని ఆపిందో దాని చిరునామాతో సహా దొరకవచ్చు.

వర్చువలైజేషన్ మీద నింద పడి, అసలు దోషం మరోచోట ఉండే సందర్భాలూ ఉన్నాయి. బయోస్ అప్‌డేట్ చేసినా, డీఫాల్ట్ సెట్టింగులకు వెళ్లినా సాటా మోడ్ ఏహెచ్‌సీఐ నుంచి రెయిడ్‌కు మారిపోవచ్చు, సెక్యూర్ బూట్ ఆన్ కావచ్చు, బూట్ వరుస తారుమారు కావచ్చు. వర్చువలైజేషన్ మార్చిన పూటే ఇవీ మారితే మనసు మొదటిదాని మీదికే పోతుంది. అందుకే ఒకసారికి ఒక్క సెట్టింగే మార్చాలన్నది ఈ పనిలో పాత నియమం.

ఈ చరిత్ర అంతటిలో తప్పు ఎక్కువసార్లు దొర్లింది ఫర్మ్‌వేర్‌లో, దిద్దుబాటు ఎక్కువసార్లు జరిగింది కెర్నెల్‌లో. ఫర్మ్‌వేర్ మూసిపెట్టిన పెట్టె. దాన్ని చదివే వీలు కొన్నవాళ్లకు లేదు. కెర్నెల్ అందరి ముందూ తెరిచి ఉంది కాబట్టే ఎవరో రాసిన తప్పుడు పట్టికకు మరెవరో విరుగుడు రాయగలిగారు. తమ మదర్‌బోర్డు ఫర్మ్‌వేర్‌ను విడుదలకు ముందే లినక్స్‌తో పరీక్షించడం తయారీదారుల కనీస బాధ్యత. అది జరిగేదాకా వాడుకరులు చేయగలిగిన పని ఒకటుంది. మీట ఆన్ చేశాక లినక్స్ ఆగిపోతే, పరామితితో గట్టెక్కి ఊరుకోకండి. కెర్నెల్ లాగ్, బయోస్ వెర్షన్, మదర్‌బోర్డు లేదా ల్యాప్‌టాప్ మోడల్ పేరు జతచేసి మీ డిస్ట్రిబ్యూషన్‌కు బగ్ రిపోర్టు పంపండి. మార్వెల్ కంట్రోలర్లకు, రావెన్ రిడ్జ్ ల్యాప్‌టాప్‌లకు కెర్నెల్‌లో విరుగుడు వచ్చింది వాడుకరులు అలా రాసి పంపినందువల్లే.